సింహాద్రి యాత్రకు ఒంటరిగా వెళ్ళే భక్తులకు

మన ఆలయ విచారణ కేంద్రంలో నెలకు రెండు దినాలు నేను సేవకు కూర్చుంటాను. దర్శన వేళలు, అన్నప్రసాదం, గోత్రనామాల నమోదు వంటి ప్రశ్నలకు సమాధానం చెప్పడం సులభమే. కానీ గత కొంతకాలంగా ఒక ప్రశ్న తరచుగా వస్తున్నది. "అమ్మా, సింహాచలం నేనొక్కదాన్నే వెళ్ళి రాగలనా?" అని అడుగుతారు. అడిగేవారిలో భర్త గతించిన స్త్రీలు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులు, పెళ్ళి కాక మునుపు మొక్కుకొని అది తీర్చుకోలేకపోయిన గృహిణులు ఉంటారు. వారితో కాసేపు మాట్లాడితే, కొండ గురించి వారికి ఏ భయమూ లేదని తెలుస్తుంది. వారి భయమంతా కొండ కింద ఉన్న మహానగరం గురించి.

నేను 2009లో జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేశాను. ఆ సంవత్సరం నుండి ఇంచుమించు ఏటా ఒంటరిగానే అప్పన్న సన్నిధికి వెళ్ళి వస్తున్నాను. ఇన్ని ప్రయాణాలలో నేను పొరపాట్లు చేయకపోలేదు. ఒకసారి ఇంట్లోవారిని నాలుగు రోజులు నిద్రాహారాలకు దూరం చేశాను కూడా. ఆ అనుభవాలను దాచకుండా చెప్పడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ఓడరేవు నగరానికి ఒక స్వభావం ఉన్నది. మన పల్లెలో కొత్త మనిషి కనిపిస్తే నలుగురు పలకరించి, ఎవరి తాలూకు అని అడుగుతారు. విశాఖలో ఆ మాట ఎవరూ అడగరు. 1933లో రేవు ప్రారంభమైన నాటి నుండి ఓడల పనికి, ఆ తరువాత నౌకా నిర్మాణ కేంద్రానికి, ఉక్కు కర్మాగారానికి, నౌకాదళానికి దేశం నలుమూలల నుండి జనం వచ్చి చేరిన ఊరు అది. రేవు ముఖద్వారం వద్ద మూడు కొండలమీద ఒక వేంకటేశ్వరాలయం, ఒక దర్గా, ఒక చర్చి పక్కపక్కనే కనిపిస్తాయి. అందరూ ఎక్కడి నుండో వచ్చినవారే కనుక, కొత్తవారిని ఎవరూ వింతగా చూడరు. ఒంటరి యాత్రికునికి ఇది ఒక విధంగా సుఖం. ఎవరూ ఏమీ అడగరు, ఆటంకపరచరు. అయితే మనం ఒకరోజంతా కనిపించకపోయినా గమనించేవారు ఉండరు. ఒంటరిగా వెళ్ళేవారు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయంలో నుండే పుడతాయి.

ముందుగా రైలు సంగతి. హౌరా, చెన్నై మార్గంలో వెళ్ళే కొన్ని రైళ్ళు విశాఖపట్నం స్టేషనులోనికి రావు. అక్కడికి వెళ్తే రైలు దిశ మార్చుకొని వెనుకకు మరలవలసి ఉంటుంది కనుక, అవి దువ్వాడలో ఆగి ఆ పక్కనుండే సాగిపోతాయి. దువ్వాడ నుండి నగరం నడిబొడ్డుకు పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం. అర్ధరాత్రి అక్కడ దిగి, విశాఖ వచ్చేశామనుకొని బయటికి నడిచిన పెద్దలను నేనెరుగుదును. టికెట్టు తీసుకొనేటప్పుడే ఏ స్టేషను పేరు ఉన్నదో చూచుకోవాలి. అదే విధంగా సింహాచలం అనే పేరుతో కూడా ఒక స్టేషను ఉన్నది. పేరు చూచి కొండ పక్కనే దిగుతామనుకోవద్దు, అక్కడి నుండి మళ్ళీ వాహనం పట్టుకోవలసిందే. వీలైనంతవరకు పగటివేళ చేరే రైలును ఎంచుకోండి. రాత్రి రెండు గంటలకు చేరే రైలైతే, తెల్లవారేదాకా స్టేషనులోని నిరీక్షణ మందిరంలోనే కూర్చోండి. ఆ మూడు గంటల నిద్ర పోయినందువల్ల నష్టం లేదు. ఒంటరిగా ప్రయాణించే స్త్రీల కొరకు రైల్వే రక్షణ దళంవారు 2020 నుండి 'మేరీ సహేలీ' అనే ఏర్పాటు నడుపుతున్నారు. రైలు బయలుదేరే చోట మహిళా సిబ్బంది పెట్టెలోనికి వచ్చి పలకరించి, సీటు సంఖ్య రాసుకొని వెళ్తారు. వారు అడిగినప్పుడు సంకోచించకుండా వివరాలు చెప్పండి. ప్రయాణంలో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోను చేయవచ్చును.

రైలులో తోటివారు ఇచ్చే తినుబండారాల గురించి అందరూ హెచ్చరిస్తారు. బిస్కెట్టు, టీ ఇస్తే వద్దనడం మనకు తెలుసు. కానీ ఎవరైనా 'ప్రసాదమమ్మా' అని చేతిలో పెడితే వద్దనడానికి మనకు నోరు రాదు. మోసగించేవారికి కూడా ఈ సంగతి తెలుసు. నేను పాటించే పద్ధతి ఒకటున్నది. రెండు చేతులతో అందుకొని, కళ్ళకద్దుకొని, కాగితంలో పొట్లం కట్టి సంచిలో ఉంచుకొంటాను. ఇంటికి వెళ్ళి తీసుకొంటానని చెబుతాను. ఇచ్చినవారు నిజమైన భక్తులైతే సంతోషిస్తారు. ఇప్పుడే తినమని బలవంతపెడితే మాత్రం సీటు మారడం మేలు.

సంచుల విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. ఒకసారి స్టేషనులో ఒక యువకుడు, చూడడానికి బుద్ధిమంతుడే, ఒక బరువైన సంచి నా పక్కన పెట్టి "పిన్నిగారూ, ఐదు నిమిషాలు చూస్తూ ఉండండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అతను నొచ్చుకొన్నాడు. బహుశా ఆ సంచిలో బట్టలే ఉండవచ్చు. కానీ ఏజెన్సీ ప్రాంతం నుండి గంజాయి రవాణా ఈ మార్గంలో జరుగుతూ పట్టుబడుతున్నదని పత్రికలు చదివే అందరికీ తెలుసు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చాలా కఠినమైనది. సంచి ఎవరి దగ్గర దొరికితే, అది తమది కాదని నిరూపించుకొనే భారం ఆచరణలో వారిమీదే పడుతుంది. తలనెరిసిన యాత్రికురాలి పక్కనున్న సంచిని ఎవరూ తెరిచి చూడరన్న ధీమాతోనే అటువంటివారు మనలను వెతుక్కొంటారు. ఎవరి సంచీ ముట్టవద్దు, మోయవద్దు, కాపలా కాయవద్దు.

వసతి గురించి నాకు జరిగిన నష్టం చెబుతాను. 2023లో బయలుదేరడానికి వారం ముందు సెల్‌ఫోనులో వెతికి, ఒక సత్రం పేరుతో కనిపించిన నంబరుకు మాట్లాడాను. అవతలివారు ఎంతో మర్యాదగా, సంస్కృత శ్లోకం చదివినట్లు మాట్లాడారు. గది ఒకటే మిగిలి ఉన్నదని, ముందుగా 1,500 రూపాయలు పంపితే ఉంచుతామని చెప్పారు. పంపాను. రసీదు కూడా వచ్చింది, దానిమీద దేవుని బొమ్మ కూడా ఉన్నది. రాత్రి తొమ్మిది గంటలకు అక్కడికి చేరితే, సత్రం నిజంగానే ఉన్నది. నా పేరున గది మాత్రం లేదు. ఆ నంబరు తమది కాదని, అటువంటి రసీదుతో ఆ వారంలో వచ్చినవారిలో నేను మూడవదాన్నని గుమాస్తా విచారంగా చెప్పాడు. ఆ రాత్రి మళ్ళీ స్టేషనుకు వచ్చి నిరీక్షణ మందిరంలో గడిపాను. డబ్బుకంటె, తొమ్మిది గంటల వేళ కొత్త ఊరిలో వీధిన నిలబడినందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

పుణ్యక్షేత్రాల వసతి గదుల పేరుతో, ప్రత్యేక దర్శనాల పేరుతో, అన్నదాన విరాళాల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నేడు చాలా ఉన్నాయి. వెతికినప్పుడు మొదట కనిపించేది అసలైనదే కావాలని లేదు. దేవస్థానాల గదులను దేవస్థానం వారి అధికారిక వెబ్‌సైటులోనో, నేరుగా కార్యాలయంలోనో మాత్రమే తీసుకోవాలి. దేవస్థానం డబ్బు ఒక వ్యక్తి సొంత పేరున ఉన్న ఖాతాకు వెళ్ళదు. చెల్లించే ముందు ఫోనులో కనిపించే పేరు చదవండి, అక్కడ ఏ మనిషి పేరో ఉంటే ఆగిపోండి. దాతలకు మరొక మాట. మనకు డబ్బు రావడానికి పిన్ నంబరు ఎన్నడూ అవసరం లేదు, పంపడానికి మాత్రమే అవసరం. 'మీ పాత విరాళంలో కొంత తిరిగి ఇస్తున్నాము, పిన్ కొట్టండి' అని ఎవరైనా అంటే అది మోసమే. పోగొట్టుకొన్నవారు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను సిగ్గుపడి రెండు రోజుల తరువాత చెప్పాను. ఆ డబ్బు రాలేదు.

లాడ్జిలో దిగేటప్పుడు ఆధార్ కార్డు నకలు అడుగుతారు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ పత్రాన్ని ఆ సంస్థ వెబ్‌సైటు నుండి తీసుకోవచ్చును. అది ఇవ్వండి. మామూలు నకలే ఇవ్వవలసివస్తే దానిమీద అడ్డంగా తేదీ, 'వసతి కొరకు మాత్రమే' అని రాయండి. గది మెట్లకు, కార్యాలయానికి దగ్గరగా అడగండి. లోపలి గడియ పడుతున్నదో లేదో సంచి దింపకముందే చూచుకోండి.

నగరంలో తిరగడానికి సిటీ బస్సులు మంచివి. ద్వారకా బస్ స్టేషనును అక్కడివారు కాంప్లెక్స్ అంటారు. అక్కడి నుండి సింహాచలానికి బస్సులు సులభంగా దొరుకుతాయి. ఆటో ఎక్కవలసివస్తే ఎక్కకముందే దాని నంబరును ఇంటికి పంపండి, పంపుతున్నట్లు డ్రైవరుకు కనిపించేలా పంపండి. నేను పైకే చదువుతాను. ఇంతవరకు ఏ డ్రైవరూ కోపగించుకోలేదు. ఒకాయన మాత్రం "బాగా రాసుకోండమ్మా, మా అమ్మకీ ఇదే చెబుతాను" అన్నాడు.

పాతనగరంలోని బురుజుపేటలో వెలసిన కనకమహాలక్ష్మి అమ్మవారిని దర్శించకుండా వచ్చేవారు అరుదు. ఆ తల్లికి పైకప్పు లేదు, ద్వారాలు లేవు, భక్తులే స్వహస్తాలతో అర్చించుకోవచ్చును. మార్గశిర గురువారాలలో ఆ సందులలో నిలబడడానికి చోటుండదు. కుంకుమ, పసుపు పెట్టడానికి రెండు చేతులూ వినియోగమై ఉన్నప్పుడే మెడలోని గొలుసు, భుజాన ఉన్న సంచి పోతాయి. బంగారం ఇంటివద్దనే ఉంచి రండి.

ఇక సముద్రం. రామకృష్ణా బీచ్ చూడడానికి మైదానంలా ఉంటుంది. కానీ అక్కడ ఒడ్డు ఏటవాలుగా ఒక్కసారి దిగిపోతుంది, అలకు బలం ఎక్కువ. ప్రతి సంవత్సరం అక్కడ ప్రాణాలు పోతున్నాయి. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవలసిందే గదా. ఆ నీరు అంతటా సమానంగా పోదు, ఇసుక పల్లంగా ఉన్న ఒక ఇరుకు దారిన వేగంగా పోతుంది. ఆ దారిమీద అలలు విరగవు, నీరు కొంచెం ముదురు రంగులో నెమ్మదిగా కనిపిస్తుంది. పక్కన అలలు ఎగసిపడుతూ ఉంటే, భయస్థులు ఈ నెమ్మది చోటే మంచిదనుకొని దిగుతారు. లోపలికి లాగేది ఆ చోటే. అందులో చిక్కినవారిని నీరు కిందికి ముంచదు, దూరంగా లాగుకొని పోతుంది. ఎదురీదినవారు అలసి మునిగిపోతారు. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారి నుండి బయటపడాలి. ఈత రానివారు చీలమండలు తడవడంతోనే తృప్తిపడాలి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగవద్దు. సముద్రస్నానం మొక్కుకొన్నవారు చెంబుతో నీరు ముంచుకొని ఒడ్డున తలపై పోసుకొన్నా సంకల్పానికి లోటు లేదని మా పురోహితులు చెప్పారు. నేను అలాగే చేస్తున్నాను. ఆషాఢ పూర్ణిమకు జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణలో భక్తులు దారిలో సముద్రస్నానం చేస్తారు. అప్పుడు గజ ఈతగాళ్ళను ఉంచుతారు. ఆ గిరిగీసిన హద్దు దాటి ఒంటరిగా, అందులోనూ చీకటిలో దిగవద్దు.

ఒడ్డున ఫోటోల గురించి మరొక మాట. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉన్నది. నిషేధమని బోర్డు ఉన్నచోట ఓడలు ముచ్చటగా ఉన్నవని ఫోను ఎత్తితే గంటల తరబడి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

ఇప్పుడు ఇంట్లోవారిని ఏడిపించిన సంగతి. 2014 అక్టోబరు 9, గురువారంనాడు పత్రికలో హుద్‌హుద్ తుఫాను గురించి, రేవులో ఎగురవేసిన హెచ్చరిక సంఖ్య గురించి చదివాను. పరీక్షా పత్రాలు దిద్దిన బుద్ధి కనుక, పదికి తక్కువే గదా అనుకొన్నాను. మరునాడు సాయంకాలానికి విశాఖ చేరి, కాంప్లెక్స్‌కు దగ్గరలో ఒక చిన్న లాడ్జిలో రెండవ అంతస్తున దిగాను. లాడ్జి పేరు మా అబ్బాయికి చెప్పలేదు, అనవసరంగా కంగారుపడతాడని. శనివారం స్వామి దర్శనం చక్కగా జరిగింది. ఆదివారం, అక్టోబరు 12 తెల్లవారేసరికి గాలి మొదలైంది.

దానిని వర్ణించే శక్తి నాకు లేదు. కిటికీ అద్దాలు పగిలి మంచంమీద పడ్డాయి. లాడ్జి యజమాని అందరినీ కింది అంతస్తులో మెట్ల పక్కన కిటికీలు లేని నడవలో కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి ఆగింది. ఒక కుర్రవాడు లేచి బయటికి చూచి వస్తానన్నాడు. యజమాని అతని చొక్కా పట్టుకొని "కూర్చో బాబూ, ఇది మధ్యలో కన్ను, అయిపోలేదు" అని ఆపాడు. కాసేపటికే గాలి రెండవ దిక్కు నుండి మళ్ళీ లేచింది. ఎదుటి భవనంమీది రేకులు ఆ కుర్రవాడు నడిచి వెళ్ళి ఉండవలసిన దారిలోనే పడ్డాయి.

అసలు కష్టం తరువాత వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు, ఏటీఎంలు మూతపడ్డాయి. నా వద్ద ఉన్నది 340 రూపాయలు. నీళ్ళకు, పాలకు ధర అడిగినంత ఇవ్వవలసి వచ్చింది. మంగళవారం ఉదయం చెట్లు తొలగించిన దారిన ఒక ఆర్టీసీ బస్సు బయలుదేరితే ఎక్కి రాజమండ్రి చేరాను. అక్కడ ఒక దుకాణదారు తన ఫోను ఇచ్చాడు. చేతిలో ఫోను ఉన్నది, కానీ నా కన్నకొడుకు నంబరు నాకు గుర్తు లేదు. అది నా ఫోనులోనే ఉన్నది, ఆ ఫోను రెండు రోజుల క్రితమే ప్రాణం విడిచింది. చివరకు ఇరవై ఏళ్ళనాడు రోజూ తిప్పిన పక్కింటివారి పాత ల్యాండ్‌లైను నంబరు జ్ఞప్తికి వచ్చింది. దైవవశాత్తు అది ఇంకా పనిచేస్తున్నది. వారి ద్వారా తెలిసిందేమంటే, మా అబ్బాయి సోమవారమే హైదరాబాదు నుండి బయలుదేరి, ఏ లాడ్జిలో అడగాలో తెలియక విశాఖలో ఆస్పత్రుల వెంట తిరుగుతున్నాడు. నేను ఎక్కిన బస్సు అతనిని దాటుకొని వచ్చేసింది. మరునాడు అతను రాజమండ్రి వచ్చి నన్ను చూచి ఏమీ అనలేదు. నా చేతి సంచి అందుకొని ముందు నడిచాడు. నాకు అదే ఎక్కువ శిక్ష అయింది.

రేవులలో ఎగురవేసే సంఖ్యల అర్థం ఆ తరువాత నేర్చుకొన్నాను. 1, 2 సంఖ్యలు దూరాన సముద్రంలో వాయుగుండమో, తుఫానో ఉన్నదని ఓడలకు చెప్పేవి. 3, 4 వస్తే రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉన్నదని అర్థం. 5, 6, 7 ప్రమాద హెచ్చరికలు, తుఫాను రేవుకు ఏ పక్కగా దాటనున్నదో, లేక దానిమీదుగానే దాటనున్నదో వాటిని బట్టి తెలుస్తుంది. 8, 9, 10 తీవ్ర తుఫాను గురించిన మహా ప్రమాద హెచ్చరికలు. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. యాత్రికునికి 3 కనబడితే ప్రయాణం వాయిదా వేసుకోవడం, ఇప్పటికే చేరి ఉంటే తిరుగు రైలు చూచుకోవడం మంచిదని నా అభిప్రాయం. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా వేసవిలోను, అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తాయి. చందనోత్సవం, కార్తికం, మార్గశిరం ఆ నెలలలోనే పడతాయి గనుక మనకు ఇది అప్రస్తుతం కాదు.

చందనోత్సవం మాట వచ్చింది కనుక, 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున వర్షంలో గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించిన సంగతి ఇంకా మరువలేదు. అంతటి రద్దీలో ఒంటరిగా నిలబడినవారు తామెవరో తెలిపే కాగితం ఒంటిమీద ఉంచుకోవాలి, సంచిలో కాదు. తోసుకొనే జనంలో సంచి ఒకచోట, మనిషి ఒకచోట అవుతారు. వయోవృద్ధులు, మధుమేహం ఉన్నవారు నిజరూప దర్శనానికి ఒంటరిగా వెళ్ళవద్దని నేను చెబుతాను. మిగిలిన దినాలలో చందనంలో ఉన్న స్వామి కూడా ఆ స్వామియే.

నేను ఇప్పుడు రవిక లోపల ఒక చిన్న గుడ్డసంచి కుట్టించుకొన్నాను. అందులో వంద రూపాయల నోట్లు పది, చిల్లర, మందుల చీటీ, పొడి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం ఉంటాయి. ఆ కాగితంమీద నా పేరు, రక్తవర్గం, మా అబ్బాయి నంబరు, కోడలి నంబరు, దిగిన లాడ్జి పేరు పెద్ద అక్షరాలతో ఉంటాయి. కింద 112, అంబులెన్సుకు 108, స్త్రీల సహాయానికి 181, రైల్వేకు 139, డబ్బు మోసాలకు 1930 అని రాసి ఉంటుంది. లాడ్జి పేరు ఊరు చేరిన తరువాత కలంతో రాస్తాను, ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంటికి పంపుతాను. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఫోను చేస్తానని చెప్పి, అదే వేళకు చేస్తాను. ఒక వేళ తప్పితే ఒక గంట ఆగి లాడ్జికి ఫోను చేయమని మా అబ్బాయికి చెప్పి ఉంచాను. ఈ ఏడు కొండమీద మొబైలు సంకేతం అందక నలభై నిమిషాలు ఆలస్యమైంది. గదికి వచ్చేసరికి లాడ్జి గుమాస్తా వరండాలోనే నిలబడి ఉన్నాడు. "అమ్మా, మీ అబ్బాయిగారు రెండుసార్లు చేశారు, ముందు ఆయనతో మాట్లాడండి" అన్నాడు.